బ్రాండ్ పేరున్న డొమైన్ అమ్మితే కేసవుతుందా? ఒకరు ధర అడుగుతున్నారు, సలహా కావాలి

కొత్తబాట:
అందరికీ నమస్కారం. గడువు తీరి వేలానికి వచ్చిన డొమైన్లు, అంటే వెబ్‌సైట్ చిరునామాలు, కొని అమ్మడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇప్పటిదాకా ఏ పేచీ రాలేదు. పోయిన నెల ఒకే వేలంలో పదకొండు పేర్లు తీసుకున్నాను. వాటిలో రెండు ఇప్పుడు నాకు నిద్ర లేకుండా చేస్తున్నాయి.

మొదటిది, లోకమంతా తెలిసిన ఒక ఎలక్ట్రానిక్స్ బ్రాండ్ పేరు, దాని వెనక 'కేర్' అన్న మాట. రెండోది డిక్షనరీలో ఉండే మామూలు పదం, డాట్ కామ్. అయితే అదే పదం పేరుగా ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉందనీ, వాళ్లకు ట్రేడ్‌మార్క్ ఉందనీ కొన్నాక తెలిసింది.

నిన్న మొదటి పేరు గురించి మెయిల్ వచ్చింది. పంపింది ఎవరో లేదు. "ఈ డొమైన్‌కు మీ ధర ఎంత?" అని ఒకటే వాక్యం. జవాబు సగం టైప్ చేసి, ఎందుకో భయమేసి ఆపేశాను. ధర చెప్పొచ్చా? ఆ పేరుతో నేను సైట్ పెట్టలేదు, ఎవరినీ మోసం చేయలేదు, ఊరికే ఉంచుకున్నాను. డబ్బు పెట్టి వేలంలో కొన్నది కదా, అమ్ముకునే హక్కు నాకు లేదా?

దారిదీపం:
ముందు ఆ సగం రాసిన జవాబు పంపకండి. డ్రాఫ్ట్‌లోనే ఉండనివ్వండి. మిగతాది తీరిగ్గా మాట్లాడుకుందాం.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఇదే దెబ్బ నేను తిన్నాను. ఈ పనిలోకి వచ్చిన మూడో ఏడు, ఒక పేరున్న కంపెనీ మార్కుతో సరిపోయే డొమైన్ నా దగ్గర ఉండేది. ఇలాగే ఒక మెయిల్ వచ్చింది. మామూలు ఐడీ నుంచి, ఎంతో మర్యాదగా. కొనేవాడు దొరికాడని సంబరపడి, "ఇది మీ బ్రాండ్‌కు చాలా విలువైన పేరు, ఈ ధరకు తక్కువైతే ఇవ్వను" అని రాసి పంపాను. అవతలివాళ్లు లాయర్లని అప్పటికి నాకు తెలియదు. రెండు నెలల తర్వాత ఫిర్యాదు కాపీ వచ్చింది. దాని వెనక అనుబంధాల కట్ట. తిరగేస్తుంటే ఒక పేజీలో నా మెయిలే కనబడింది. 'మీ బ్రాండ్‌కు' అన్న రెండు మాటలకు పసుపు రంగు పూశారు. వాళ్లు నిరూపించాల్సినదంతా నా చేతులతో నేనే రాసిచ్చాను. పేరు పోయింది.

న్యాయసాధన:
దారిదీపం గారు చెప్పింది అక్షరాలా నిజం. ఈ కేసులు చూసేదాన్ని కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

డాట్ కామ్, డాట్ నెట్, డాట్ ఆర్గ్ లాంటి పేర్లకు యూడీఆర్‌పీ అనే, డొమైన్ తగాదాలను కోర్టు బయట తేల్చే విధానం వర్తిస్తుంది. డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ దీన్ని 1999లో తెచ్చింది. మీరు డొమైన్ రిజిస్టర్ చేసినప్పుడు 'అంగీకరిస్తున్నాను' అని టిక్ పెట్టారు చూడండి, ఆ ఒప్పందంలోనే ఇదీ ఉంది. కాబట్టి "నేనెప్పుడు ఒప్పుకున్నాను?" అనే వాదన నిలవదు. పైగా ఆ విధానం రెండో పేరాలో, ఈ పేరు ఎవరి హక్కులకూ భంగం కలిగించదని మీకు తెలిసినంతవరకు మీరే హామీ ఇస్తున్నారు.

బ్రాండ్ యజమాని మూడు విషయాలు చూపించాలి. ఒకటి, డొమైన్ తన మార్కుతో అచ్చంగా గానీ, గందరగోళపడేంతగా గానీ పోలి ఉండడం. రెండు, దాని మీద మీకు హక్కు గానీ, దాన్ని ఉంచుకోవడానికి న్యాయమైన కారణం గానీ లేకపోవడం. మూడు, దాన్ని దురుద్దేశంతో రిజిస్టర్ చేసి, దురుద్దేశంతో వాడడం. మూడూ రుజువైతేనే పేరు వాళ్లకు బదిలీ అవుతుంది.

మీ మొదటి పేరులో ఒకటో మెట్టు వాళ్లు సులువుగా ఎక్కేస్తారు. మార్కు కళ్లకు కనబడుతున్నప్పుడు పక్కన 'కేర్' పెట్టినా, 'షాప్' పెట్టినా, గీత పెట్టినా లాభం లేదు. పైగా 'కేర్' అంటే కస్టమర్ కేర్ గుర్తొస్తుంది, అది మీకు ఇంకా చేటు. ఇక మూడో మెట్టు. దురుద్దేశానికి ఆ విధానమే ఇచ్చిన ఉదాహరణల్లో మొట్టమొదటిది ఏమిటో తెలుసా? మార్కు యజమానికి గానీ, వాళ్ల పోటీదారుకు గానీ, మీకైన అసలు ఖర్చును మించిన ధరకు అమ్మడమే ప్రధాన ఉద్దేశంగా పేరు తీసుకోవడం. మీరు ధర చెప్పగానే ఆ వాక్యంలో మీ పేరు రాసుకున్నట్టే.

ఐక్యరాజ్యసమితికి చెందిన మేధో సంపత్తి సంస్థ వైపో దగ్గర ఈ విధానం కింద దాఖలైన మొట్టమొదటి కేసు కూడా ఇదే కథ. వరల్డ్‌రెజ్లింగ్‌ఫెడరేషన్ డాట్ కామ్ అనే పేరు 1999 అక్టోబరులో ఒకాయన తీసుకున్నాడు. మూడు రోజులకే ఆ పేరున్న కుస్తీ సంస్థకు మెయిల్ రాసి 1,000 డాలర్లకు ఇస్తానన్నాడు. 2000 జనవరిలో తీర్పు వచ్చింది, పేరు సంస్థకు వెళ్లిపోయింది.

స్వేచ్ఛాపథం:
నాకిది అన్యాయం అనిపిస్తోంది. ముందు వచ్చినవాడికి ముందు అన్న పద్ధతి మీదే కదా డొమైన్లు ఇచ్చేది? స్థలం కొని, పక్కన రోడ్డు పడ్డాక ఎక్కువ ధరకు అమ్మితే తప్పు లేదు. పేరు విషయానికొస్తే మాత్రం తప్పెలా అవుతుంది? అంత పెద్ద కంపెనీలు ముందే జాగ్రత్త పడి కొనుక్కోవాల్సింది.

న్యాయసాధన:
ఈ వాదన కోర్టుల దాకా వెళ్లింది, కాబట్టి సూటిగానే జవాబు చెప్పొచ్చు. స్థలం విలువ రోడ్డు వల్ల పెరిగింది. బ్రాండ్ పేరున్న డొమైన్ విలువ మొత్తం ఆ బ్రాండ్ సంపాదించుకున్న పేరు నుంచే వస్తోంది. మీరు అమ్ముతున్నది వాళ్ల పేరుప్రతిష్ఠలనే, కోర్టులు చూసే కోణం ఇదే.

అమెరికాలో పానవిజన్ కేసు చూడండి. సినిమా కెమెరాల కంపెనీ. ఆ పేరుతో డాట్ కామ్‌ను వేరొకాయన ముందే తీసుకున్నాడు. సైట్‌లో ఇలినాయ్ రాష్ట్రంలోని 'పానా' అనే ఊరి ఫొటోలు పెట్టాడు, విమానం నుంచి తీసినవి. పానా విజన్, అంటే పానా దృశ్యాలన్న మాట. కంపెనీ అడిగితే 13,000 డాలర్లు ఇవ్వమన్నాడు. వాళ్లు కాదన్నాక వాళ్లదే ఇంకో మార్కు, పానాఫ్లెక్స్ పేరు కూడా తీసుకుని, ఆ పేజీలో 'హలో' అన్న ఒక్క మాట పెట్టాడు. ఇలాంటి పేర్లు ఆయన దగ్గర ఇంకా చాలా ఉండేవి. 1998లో అప్పీలు కోర్టు ఊరి ఫొటోల వాదనను పట్టించుకోలేదు. మార్కులను డొమైన్లుగా తీసుకుని, వాటి యజమానులకే అమ్మజూపడమే ఆయన వ్యాపారం అని తేల్చింది.

అదే ఏడు ఇంగ్లండులో వన్ ఇన్ ఎ మిలియన్ అనే డొమైన్ల వ్యాపార సంస్థ మీద కేసు. మార్క్స్ అండ్ స్పెన్సర్, సెయిన్స్‌బరీ లాంటి పెద్ద కంపెనీల పేర్లు తీసుకుని పెట్టుకున్నారు. బర్గర్ కింగ్‌కు 25,000 పౌండ్లకు ఇస్తామని ఉత్తరం రాశారు. అప్పీలు కోర్టు ఆ డొమైన్లను 'మోసానికి పనిముట్లు' అంది. అక్కడ ఎవరూ నకిలీ సరుకు అమ్మలేదు, గమనించండి. పేరు చేతిలో పెట్టుకుని బేరం పెట్టడమే చాలింది.

భారత సుప్రీంకోర్టు కూడా 2004లో సత్యం ఇన్ఫోవే, సిఫీనెట్ కేసులో డొమైన్ పేరుకు ట్రేడ్‌మార్క్ లక్షణాలన్నీ ఉంటాయని, పాసింగ్ ఆఫ్ సూత్రం దానికీ వర్తిస్తుందని చెప్పింది. పాసింగ్ ఆఫ్ అంటే, నా సరుకు వాళ్లదే అని జనం అనుకునేలా చేయడం.

చిన్నసంస్థ:
అవతలి వైపు నుంచి నేనూ ఒక మాట చెప్పాలి. స్వేచ్ఛాపథం గారు పెద్ద కంపెనీలనే చూస్తున్నారు. మాది ఆరుగురం పని చేసే సంస్థ. పేరు రిజిస్టర్ చేయించుకున్నాం, డాట్ కామ్ మా దగ్గరే ఉంది. ఒకరోజు మా పాత కస్టమర్ ఫోన్ చేసి, డబ్బు కట్టాను, సరుకు రాలేదు అన్నారు. ఆయన కట్టింది మాకు కాదు. మా పేరులో ఒక అక్షరం రెండుసార్లు వేసిన డొమైన్‌లో. ఆరా తీస్తే ఆ పేరును మొదట తీసుకున్న మనిషి ఏ మోసం చేయలేదు. ఎవరో అడిగితే అమ్మేశాడు, అంతే. కొన్నవాడు మా లోగోతో సహా పెట్టేశాడు.

ఆ కస్టమర్‌కు మేం ఏం చెప్పగలం? మా తప్పు లేదని చెబితే ఆయన డబ్బు వెనక్కి వస్తుందా? చివరికి సగం మేమే ఇచ్చాం. అమ్మినవాడికి వచ్చింది కొద్ది మొత్తమే అయి ఉంటుంది. మా మీద ఆయన పెట్టుకున్న నమ్మకం మాత్రం మళ్లీ పూర్తిగా రాలేదు. అమ్మేటప్పుడు ఇది ఎవరి చేతిలో పడుతుందో ఒకసారి ఆలోచించమని మాత్రమే అడుగుతున్నాను.

స్వేచ్ఛాపథం:
చిన్నసంస్థ గారూ, ఈ కోణం నాకు తట్టలేదు, నిజంగా. ఒప్పుకుంటున్నాను. కానీ డిక్షనరీ పదాల సంగతి వేరు కదా? భాషలో ఉన్న మాట ఎవడి సొత్తూ కాదు.

కొత్తబాట:
నా రెండో పేరు అదే. ఇంకో అనుమానం కూడా ఉంది. సైట్ ఏమీ లేకుండా ఊరికే ఉంచితే 'వాడడం' కిందికి వస్తుందా? వాడనే లేదు కదా నేను?

న్యాయసాధన:
వస్తుంది. 2000లో టెల్‌స్ట్రా కేసులో ఇదే ప్రశ్న. అది ఆస్ట్రేలియా టెలికాం సంస్థ. ఆ పేరుతో డాట్ ఆర్గ్ తీసుకున్నవాళ్లు ఏ సైటూ పెట్టలేదు, పైగా తామెవరో తెలియకుండా దాచారు. ఊరికే పట్టుకుని కూర్చోవడం కూడా దురుద్దేశంతో వాడడమే కావచ్చని ప్యానలిస్ట్, అంటే ఆ కేసు విన్న తీర్పరి, తేల్చాడు. అలాగని ప్రతి ఖాళీ డొమైనూ తప్పు అని కాదు. మార్కు ఎంత ప్రసిద్ధం, దాన్ని న్యాయంగా వాడే దారి ఒక్కటైనా ఊహకు అందుతుందా, వివరాలు దాచారా, ఇలా అన్నీ కలిపి చూస్తారు. ఆ బ్రాండ్ పేరుకు 'కేర్' కలిపి, ఆ బ్రాండ్‌తో సంబంధం లేని పని ఒక్కటి చెప్పండి చూద్దాం. నాకైతే తట్టడం లేదు.

రెండో పేరు దగ్గరికి వస్తే కథ మారుతుంది. స్టింగ్ అనే గాయకుడు 2000లో తన పేరున్న డాట్ కామ్ కోసం ఫిర్యాదు వేసి ఓడిపోయాడు. అది మామూలు ఇంగ్లిష్ మాట కావడం అక్కడ పెద్ద కారణం. డొమైన్లు కొని అమ్మడం తప్పు కాదు, డిక్షనరీ పదాల వ్యాపారాన్ని ప్యానళ్లు చాలాసార్లు న్యాయమైనదిగా ఒప్పుకున్నాయి. ఆ పదం అర్థం కోసం తీసుకున్నారా, ఆ కంపెనీ కోసం తీసుకున్నారా అన్నదే అసలు ప్రశ్న. అది మీ నడవడి చెబుతుంది. 'ఆపిల్' పేరుతో పళ్ల గురించి రాయడం ఒకటి, ఫోన్ల ప్రకటనలు పెట్టడం ఇంకొకటి.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. "ఈ డొమైన్ ఇరవై ఏళ్లనాటిది, ఆ కంపెనీ పుట్టింది నిన్న మొన్న" అని ధీమాగా ఉంటారు. ఆ పేరు మీ చేతికి వచ్చిన తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. పాత యజమాని దగ్గర గడిచిన ఏళ్లు మీ లెక్కలో కలవవు. మీరు పోయిన నెల కొన్నారు, అప్పటికే ఆ కంపెనీ మార్కు ఉంది. మీరే మొదటి నుంచీ ఉంచుకుని, మార్కు తర్వాత పుట్టి ఉంటే, దురుద్దేశం లేదనడానికి అది చాలా గట్టి ఆధారం అయ్యేది.

శివరంజని:
డిక్షనరీ పేరు విషయంలో నా అనుభవం చెబుతాను. మూడక్షరాల ఒక మామూలు మాట పన్నెండేళ్లుగా నాదే. దాన్ని పేరుగా పెట్టుకున్న ఒక కంపెనీ ఐదేళ్ల క్రితం వచ్చింది. వాళ్లు కొంటామన్నారు, నేను అమ్మనన్నాను. ఆర్నెల్లకు ఫిర్యాదు వేశారు.

ఆ కవరు చూసి చెయ్యి వణికింది. జవాబు ఇవ్వడానికి ఉండేది 20 రోజులు. మొదటి వారం భయంతోనే గడిచిపోయింది. తర్వాత కూర్చుని అన్నీ తవ్వాను. కొన్న రోజు రసీదు, ప్రతి ఏటా రెన్యూ చేసిన బిల్లులు, ఆ పదం మీద నేను అప్పట్లో రాసుకున్న వ్యాసాల పాత కాపీలు. పాత వెబ్ పేజీలను దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నా సైట్ పాత పేజీలు తేదీలతో సహా దొరికాయి, అవే నన్ను కాపాడాయి. ముగ్గురు సభ్యుల ప్యానల్ కావాలని అడిగాను, దానికి ఫీజులో సగం నేనే కట్టాల్సి వచ్చింది. ఫిర్యాదు కొట్టేశారు. అంతేకాదు, డొమైన్‌ను దొడ్డిదారిన లాక్కోవడానికి ఈ విధానాన్ని వాడుకున్నారని కూడా తీర్పులో రాశారు. దాన్ని రివర్స్ డొమైన్ హైజాకింగ్ అంటారు.

కొత్తబాట గారూ, రెండో పేరు విషయంలో వెంటనే చేతులెత్తేయకండి. కానీ ఆ ఆర్కైవ్ మీకూ వర్తిస్తుంది. నిన్నటిదాకా ఆ పేజీలో ఏం ఉందో అందరికీ కనబడుతుంది. నోటీసు వచ్చాక హడావుడిగా మంచి సైట్ పెట్టినా లెక్కలోకి రాదు. వివాదం తెలియక ముందు చేసిన పనే పని.

కొత్తబాట:
మీరలా అన్నాక వెళ్లి చూశాను, గుండె జారింది. రెండో పేరుకు నేను ఏ పేజీ పెట్టలేదనే అనుకున్నాను. డొమైన్ నమోదు చేసే రిజిస్ట్రార్ వాళ్లే పార్కింగ్ పేజీ, అంటే ఖాళీ పేరు మీద ప్రకటనలు చూపించే పేజీ, పెట్టారు. దాన్లో సాఫ్ట్‌వేర్ ప్రకటనలు! అన్నీ ఆ కంపెనీ పోటీదారులవే. నేను పెట్టలేదని చెబితే ఒప్పుకుంటారా?

న్యాయసాధన:
సాధారణంగా ఒప్పుకోరు. పార్కింగ్ ప్రకటనలు యంత్రం పెట్టినా, పేరు మీది కాబట్టి బాధ్యత మీదే అని ఎన్నో తీర్పులు ఉన్నాయి. ఈ నిమిషమే పార్కింగ్ ఆపండి.

ప్రకటనలు ఎంత పని చేస్తాయో నిస్సాన్ డాట్ కామ్ చూస్తే తెలుస్తుంది. ఉజి నిస్సాన్ అనే ఆయన ఇంటిపేరే అది. తన కంప్యూటర్ వ్యాపారానికి 1994లో డొమైన్ తీసుకున్నాడు. 1999లో కార్ల కంపెనీ దావా వేసింది, ఏళ్ల తరబడి నడిచింది. చివరికి పేరు ఆయన దగ్గరే ఉండిపోయింది. అంతటి బలమైన హక్కు ఉన్న మనిషి కూడా ఒక్క చోట దెబ్బ తిన్నాడు. సైట్‌లో కార్లకు సంబంధించిన ప్రకటనలు వేసినంతవరకు అది మార్కు ఉల్లంఘనే అని కోర్టులు తేల్చాయి.

స్వేచ్ఛాపథం:
ఒక సందేహం. ఓడిపోతే పేరు పోతుంది, అంతేగా? జరిమానా లేనప్పుడు ప్రయత్నించి చూస్తే పోయేదేముంది?

న్యాయసాధన:
యూడీఆర్‌పీలో అంతే. బదిలీ లేదా రద్దు, డబ్బు రూపంలో శిక్ష లేదు. కానీ బ్రాండ్ యజమాని ఆ దారే పట్టాలని రూలు లేదు. నేరుగా కోర్టుకు వెళ్లొచ్చు. అమెరికాలో 1999 నాటి సైబర్‌స్క్వాటింగ్ (ఇతరుల మార్కును డొమైన్‌గా పట్టుకుని కూర్చోవడం) వ్యతిరేక చట్టం కింద ఒక్కో డొమైన్‌కు 1,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా నష్టపరిహారం వేయొచ్చు. నష్టం ఎంత జరిగిందో లెక్క చూపించనక్కర్లేదు. మీరు వేరే దేశంలో ఉన్నారు, దొరకరు అంటే, డొమైన్ మీదే దావా వేసే వీలు కూడా ఆ చట్టంలో ఉంది. డాట్ కామ్ పేర్లన్నిటి జాబితా నడిపే రిజిస్ట్రీ ఉన్నది అమెరికాలోనే అన్నది మరిచిపోకండి.

ఇంకొకటి. ఒకసారి ఓడిన తీర్పు అందరికీ కనబడేలా ఉండిపోతుంది. రెండు మూడు పోగుపడితే 'ఇతనికి ఇది అలవాటు' అని తర్వాతి కేసులో చూపిస్తారు. అప్పుడు మీ మంచి పేర్లకు కూడా ముప్పే.

దారిదీపం:
నేను దెబ్బ తిన్నాక పెట్టుకున్న అలవాటు చెబుతాను, పనికొస్తుందేమో. వేలంలో పాడే ముందే వైపో గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో వెతుకుతాను, అది ఉచితం. తర్వాత ఆ మాటను మామూలుగా సెర్చ్ చేస్తాను. మొదటి పేజీ అంతా ఒకే కంపెనీ కనబడిందంటే, డిక్షనరీలో ఉన్నా సరే, నా మనసులో అది మామూలు మాట కాదు. కొన్న రోజే ఎందుకు కొన్నానో రెండు లైన్లు రాసి నాకు నేనే మెయిల్ చేసుకుంటాను. తేదీ పడుతుంది కదా.

మార్కెట్‌ప్లేస్ ఒప్పందం కూడా ఒకసారి చదవండి. ఇతరుల హక్కులకు భంగం లేదని అమ్మేవాళ్లతో హామీ రాయించుకోవడం చాలా చోట్ల ఉంది. రేపు కొన్నవాడి చేతిలోంచి పేరు పోతే, వాడు మీ మీదికే వస్తాడు.

కొత్తబాట:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ మూడు రోజుల్లో చేసినవి చెబుతాను. రెండు పేర్లకూ పార్కింగ్ ఆపేశాను. 'అమ్మకానికి ఉంది' అన్న బోర్డు రెండింటికీ తీసేశాను. డిక్షనరీ పేరుకు ఆ పదం అర్థానికి తగ్గ పని ఒకటి మనసులో ఉంది, కానీ ముందు లాయర్‌కు చూపించి అప్పుడే మొదలుపెడతాను. శివరంజని గారిలా పాత కాగితాలు నా దగ్గర లేవని తెలుసు, అందుకే తొందరపడను.

మొదటి పేరు వదిలేస్తున్నాను. ఆ మెయిల్‌కు ధర చెప్పను. అయితే రద్దు చేస్తే ఇంకెవరో తీసుకుని, చిన్నసంస్థ గారికి జరిగినట్టు చేస్తారేమో అనిపిస్తోంది. రద్దు చేయాలా, వాళ్లకే ఇచ్చేయాలా?

న్యాయసాధన:
ఇచ్చేయండి. కానీ మీకు మెయిల్ పంపిన ఐడీకి కాదు, అది ఎవరిదో తెలియదు. ఆ కంపెనీ అధికారిక సైట్‌లో లీగల్ విభాగం చిరునామా ఉంటుంది, అక్కడికి రాయండి. "ఈ పేరు నా దగ్గర ఉంది, ఎలాంటి డబ్బు అడగకుండా మీకు బదిలీ చేయడానికి సిద్ధం" అన్నంతవరకే. వేలంలో ఎంత పెట్టారో, ఎందుకు కొన్నారో రాయొద్దు. రిజిస్ట్రార్ ఇచ్చే బదిలీ కోడ్ మొదటి మెయిల్‌లోనే పెట్టకండి, వాళ్లు జవాబిచ్చి, అది నిజంగా వాళ్లేనని రూఢి అయ్యాక ఇవ్వండి. పంపే ముందు ఆ డ్రాఫ్ట్ మీ లాయర్‌కు చూపించండి.

కొత్తబాట:
సరేనండి. పాత డ్రాఫ్ట్ డిలీట్ చేశాను. కొత్తది ఈ రాత్రికి రాసి, రేపు లాయర్‌కు చూపిస్తాను.

చిన్నసంస్థ:
కొత్తబాట గారూ, మా పేరుతో ఆ డొమైన్ తీసుకున్న మనిషి మీలా ఒక్క మెయిల్ రాసి ఉంటే మా కస్టమర్ డబ్బు పోయేది కాదు. మీకు నా నమస్కారం.